వీపు మీద కిలో బరువు... కొండ మీద ఎంత?

మొరాకోలోని సహారా ఎడారిలో ఏటా ఒక రేసు జరుగుతుంది. పేరు మారథాన్ దె సాబ్ల్, అంటే ఇసుకల మారథాన్. పేరుకి మారథానే గానీ దూరం దాదాపు 250 కిలోమీటర్లు. రోజుకింత చొప్పున విడతలుగా పరిగెత్తాలి. రేసుకి ముందు అక్కడ ఒక తంతు ఉంటుంది. ప్రతి రన్నర్ సంచినీ తూకం వేస్తారు. 6.5 కిలోలకి తగ్గకూడదు, 15 కిలోలు దాటకూడదు. నీళ్ళు నిర్వాహకులు ఇస్తారు. తిండి, స్లీపింగ్ బ్యాగు, మందులు, దిక్సూచి... మిగతావన్నీ మీ వీపు మీదే. తిండి రోజుకి కనీసం 2000 క్యాలరీలకి సరిపడా ఉండాలని రూలు కూడా ఉంది.

ఈ రేసుకి తయారయ్యేవాళ్ళ చాదస్తం చూస్తే మొదట నవ్వొస్తుంది. టూత్‌బ్రష్ పిడిని సగానికి కోసేస్తారు. సంచికి వేలాడే పట్టీల చివర్లు కత్తిరిస్తారు. నూడుల్స్‌ని అట్టపెట్టెల్లోంచి తీసి, పొడి చేసి చిన్న కవర్లలోకి కుక్కుతారు. పది గ్రాముల కోసం ఇంత అవసరమా అనిపిస్తుంది. కానీ అసలీ రేసు పుట్టిందే బరువులోంచి. 1984లో పాట్రిక్ బవర్ అనే ఫ్రెంచ్ యువకుడు నీళ్ళూ తిండీ కలిపి సుమారు 35 కిలోలు వీపుకి తగిలించుకుని, ఒంటరిగా 350 కిలోమీటర్ల ఎడారి దాటాడు. రెండేళ్ళ తర్వాత, 1986లో, మొదటి రేసు పెట్టింది ఆయనే.

మనలో ఎక్కువమందికి సహారా దాకా వెళ్ళే పని ఉండదు. కానీ ట్రైల్ రన్నింగ్, అంటే తారు రోడ్డు వదిలి కొండదారుల్లో, అడవి బాటల్లో పరిగెత్తడం, ఇప్పుడు మన దగ్గరా పెరిగింది. వారాంతం వస్తే హైదరాబాద్ నుంచి అనంతగిరి కొండలకి వెళ్ళేవాళ్ళున్నారు. చిక్కమగళూరు వైపు కాఫీ తోటల్లో జరిగే మల్నాడ్ అల్ట్రా కోసం నెలల తరబడి తయారయ్యేవాళ్ళున్నారు. రోడ్డు రేసులో అయితే కాస్త కాస్త దూరానికి నీళ్ళ టేబుల్ ఉంటుంది, చేతులూపుకుంటూ పరిగెత్తొచ్చు. ట్రైల్‌లో ఆ సుఖం లేదు. నీళ్ళు, తిండి, జాకెట్, ఫోన్, లైటు అన్నీ మోసుకునే పోవాలి. మరి ఆ మోత ఒంటిని ఏం చేస్తుంది?

పది శాతం బరువుకి పది శాతం ఆక్సిజన్

ముందు ఒక మోటు లెక్క. చదునైన నేల మీద పరిగెత్తడానికి కిలో బరువుకి, కిలోమీటరుకి, సుమారు ఒక క్యాలరీ ఖర్చవుతుంది. అరవై కిలోల మనిషి పది కిలోమీటర్లు పరిగెత్తితే దాదాపు 600 క్యాలరీలు. వీపు మీద ఆరు కిలోల సంచి పెట్టుకుంటే 660.

ఈ లెక్క ఊహ కాదు. 1980లో హార్వర్డ్‌లో రిచర్డ్ టేలర్ బృందం ఎలుకలకి, కుక్కలకి, మనుషులకి, గుర్రాలకి బరువులు కట్టి ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించింది. అన్నిటిలోనూ ఒకటే తేలింది. బరువు పది శాతం పెరిగితే, ఖర్చయ్యే ఆక్సిజన్ కూడా దాదాపు పది శాతం పెరుగుతుంది. ఎలుకైనా గుర్రమైనా రాయితీ లేదు. ఎందుకంటే పరుగు అంటే ముందుకి పోవడం ఒక్కటే కాదు. ప్రతి అడుగులోనూ ఒళ్ళు కిందికి పడబోతుంది, కండరాలు దాన్ని ఆపి మళ్ళీ పైకి విసరాలి. చదును నేల మీద పరుగుకయ్యే ఖర్చులో సుమారు ముప్పావు వంతు ఇలా బరువుని ఆపడానికే పోతుందని 2007లో కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కగట్టారు.

అసలు చిక్కు ఎక్కడంటే, ఖర్చు పెరిగింది గానీ ఆదాయం పెరగలేదు. మన గుండె, ఊపిరితిత్తులు నిమిషానికి అందించగల ఆక్సిజన్‌కి ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది, దాన్నే వీఓటూ మ్యాక్స్ అంటారు. సంచి తగిలించుకున్నంత మాత్రాన అది పెరగదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, సర్వర్ అదే, ట్రాఫిక్ మాత్రం పెరిగింది. నిన్న హాయిగా కబుర్లు చెప్పుకుంటూ పరిగెత్తిన వేగమే ఇవాళ రొప్పు పుట్టిస్తుంది. రొప్పే స్థాయిలో ఒళ్ళు కొవ్వు కంటే గ్లైకోజెన్‌ని, అంటే కండరాల్లో దాచుకున్న పిండి పదార్థాన్ని, ఎక్కువగా తగలేస్తుంది. అది ఒంట్లో ఉండేదే అరకిలో అటూ ఇటూ. త్వరగా ఖాళీ అయితే రన్నర్లు 'గోడకి గుద్దుకోవడం' అనే స్థితి కూడా త్వరగానే వస్తుంది. కాబట్టి బరువు వల్ల తగ్గేది వేగం ఒక్కటే కాదు, ఎంతసేపు నిలబడగలం అన్నది కూడా.

వేగం ఎంత తగ్గుతుందో 1978లోనే కొలిచారు. రన్నర్లకి వాళ్ళ ఒంటి బరువులో 5, 10, 15 శాతం చొప్పున అదనపు బరువు తగిలించి, 12 నిమిషాల్లో ఎంత దూరం పరిగెత్తగలరో చూశారు. ప్రతి అయిదు శాతానికీ సగటున 89 మీటర్లు తగ్గింది. 12 నిమిషాల్లోనే అంత తేడా అయితే, ట్రైల్ రేసు గంటల తరబడి సాగుతుంది కదా, మీరే ఊహించుకోండి.

ఇంకో రెండు సంగతులు. ఖర్చయ్యే శక్తిలో ముప్పావు వంతుకి పైగా వేడిగానే మారుతుంది. బరువు పెరిగితే వేడీ పెరుగుతుంది, పైగా ఆ వేడి పోవాల్సిన వీపుని సంచి కప్పేస్తుంది. చల్లని ఆల్ప్స్ కొండల్లో ఇది చిన్న విషయమే కావొచ్చు. ఏప్రిల్‌లో మన దగ్గర పొద్దున్న ఎనిమిది దాటాక అస్సలు చిన్నది కాదు. రెండోది ఊపిరి. సంచి ఊగకూడదని ఛాతీ పట్టీ బిగించేస్తే పక్కటెముకలు పూర్తిగా విచ్చుకోవు. లోతుగా గాలి పీల్చలేక చిన్న చిన్న శ్వాసలు తీస్తాం, ఊపిరి కండరాలు ముందే అలిసిపోతాయి.

ఎక్కేటప్పుడు గుండె, దిగేటప్పుడు తొడలు

ఇటలీ పరిశోధకుడు అల్బెర్తో మినెత్తీ బృందం 2002లో వాలుల మీద పరుగుకి ఎంత ఖర్చవుతుందో కొలిచింది. నూరు మీటర్లకి 45 మీటర్లు పైకి లేచే వాలులో, కిలో బరువుకి అయ్యే ఖర్చు చదును నేల కంటే అయిదున్నర రెట్లు. మీ సంచిలోని ప్రతి కిలోకీ అదే రేటు. ఎత్తు పెరుగుతున్నకొద్దీ ఆ సంచి బిల్లు కూడా పెరుగుతూ పోతుంది.

ఉదాహరణకి అరవై కిలోల రన్నర్ గంటకి 600 మీటర్ల ఎత్తు ఎక్కగలడనుకుందాం. వెయ్యి మీటర్లకి వంద నిమిషాలు. మూడు కిలోల సంచి అంటే అయిదు శాతం అదనం. అదే గుండె వేగంతో ఎక్కితే సుమారు 105 నిమిషాలు పడుతుంది. అయిదు నిమిషాలే కదా అనొచ్చు. ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్‌ల మీదుగా మోం బ్లాం పర్వతం చుట్టూ సాగే యూటీఎంబీ రేసులో ఎక్కుడే సుమారు పదివేల మీటర్లు.

దిగేటప్పుడు లెక్క తిరగబడుతుంది. మినెత్తీ కొలతల్లో 20 శాతం దిగుడు వాలులో ఖర్చు చదును నేలలో సగమే. ఊపిరికి హాయిగా ఉంటుంది. కానీ దెబ్బ ఇక్కడే తగులుతుంది. దిగుతున్నప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బిగుసుకోవాలి, బ్రేకులా పని చేయాలి. ఇలాంటి పనికి ఆక్సిజన్ తక్కువ చాలు, కానీ కండరం పోగుల్లో సన్నటి చిరుగులు పడతాయి. తిరుమల మెట్లు గబగబా దిగి, కిందికొచ్చాక కాళ్ళు వణికినవాళ్ళకి దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. సంచి బరువు ప్రతి బ్రేకునీ మరింత గట్టిగా వేయిస్తుంది. 25 కిలోల సంచితో రెండు గంటలు నడిచినవాళ్ళ మీద చేసిన పరిశోధనల్లో తొడ కండరాల బలం తగ్గిపోయి, కోలుకోవడానికి రోజులు పట్టింది. సైనికులు మోసే ఆ బరువుతో పోలిస్తే మన రెండు కిలోలు తక్కువే గానీ, మనం నడవం, పరిగెడతాం. అందుకే పొడవైన రేసుల్లో చివరి దిగుడు దగ్గర గుండె బాగానే ఉన్నా కాళ్ళు మొరాయిస్తాయి.

ఎక్కడ మోస్తున్నారు?

కిలో అంటే అన్నిచోట్లా కిలోయే కాదు. 1969లో అమెరికా సైన్యం కోసం సౌల్, గోల్డ్‌మన్ అనే పరిశోధకులు ఒక ముచ్చటైన ప్రయోగం చేశారు. బరువుల్ని తల మీద, చేతుల్లో, పాదాలకి పెట్టి నడిపించారు. ఒంటి బరువులో ఒక కిలోకి అయ్యే ఖర్చుతో పోలిస్తే, తల మీద కిలోకి 1.2 రెట్లు, చేతుల్లో సుమారు రెండు రెట్లు అయ్యింది. పాదాల మీద నడక వేగాన్ని బట్టి నాలుగు నుంచి ఆరు రెట్లు! పాదం ప్రతి అడుగులోనూ ఆగుతుంది, మళ్ళీ వేగం అందుకుంటుంది, గాల్లో ఊగుతుంది. ఆ తిప్పలన్నీ దాని మీది బరువూ పడాలి.

కొలరాడోలోనే 2016లో దీన్ని కొంచెం కొంటెగా పరీక్షించారు. రన్నర్లకి చెప్పకుండా షూల్లో సీసం గుళ్ళు దాచి, మూడు కిలోమీటర్లు పరిగెత్తించారు. ఒక్కో షూకి 100 గ్రాములు పెరిగితే శక్తి ఖర్చు ఒక శాతం పైన పెరిగింది, టైము 0.78 శాతం పెరిగింది. బరువు ఉందని వాళ్ళకి తెలియదు గానీ కాళ్ళకి తెలిసిపోయింది. వానాకాలంలో నల్లరేగడి నేల మీద పరిగెత్తి చూడండి, పది అడుగులకే షూ కింద ఇంకో షూ తయారవుతుంది. ఆ రోజు టైము బాగా రాలేదని బాధపడక్కర్లేదు.

మోతకి పాతకాలం ఉపాయాలేమైనా ఉన్నాయా? మన కావడి సంగతి చూద్దాం. అమెరికా పరిశోధకుడు రోజర్ క్రామ్ 1991లో ఇలాంటి వంగే బద్దలతోనే మనుషుల్ని పరిగెత్తించి కొలిచాడు. భుజం మీద పడే కుదుపు బాగా తగ్గింది. శక్తి ఖర్చు మాత్రం వీపు మీద మోసినదానికి తగ్గలేదు. అంటే కావడి సుఖమిస్తుంది, ఆదా చేయదు.

తల మీద మోత ఇంకా ఆసక్తికరం. 1986లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం కెన్యాలోని లువో, కికుయు తెగల స్త్రీలు తమ బరువులో అయిదో వంతు దాకా అదనపు ఖర్చు లేకుండానే మోయగలిగారు. చుట్టకుదురు మీద బిందె పెట్టుకుని చెయ్యి వదిలేసి నడిచే మన పల్లె ఆడవాళ్ళు గుర్తొస్తారు. తర్వాత 2010లో దక్షిణాఫ్రికాలో చేసిన పరిశోధనలో ఈ 'ఫ్రీ' అందరికీ దొరకలేదు. దొరికినా అది నడకకే. నడకలో ఒళ్ళు లోలకంలా ఊగుతూ శక్తిని కొంత తిరిగి రాబట్టుకుంటుంది, అలవాటైనవాళ్ళు ఆ ఊపుని మెరుగుపరుచుకుంటారు. పరుగులో ఒళ్ళు స్ప్రింగులా గెంతుతుంది కాబట్టి ఆ కిటుకు పని చేయదు.

మోతలో అసలైన మొనగాళ్ళు నేపాల్ కూలీలు. నామ్‌చే బజార్ సంతకి వెళ్ళే దారిలో వాళ్ళని, వాళ్ళ మూటల్ని తూచి 2005లో సైన్స్ పత్రికలో వివరాలు ప్రచురించారు. మగవాళ్ళు సగటున తమ బరువులో 93 శాతం, ఆడవాళ్ళు 66 శాతం మోస్తున్నారు. ఒకరైతే తన బరువు కంటే దాదాపు రెట్టింపు, 183 శాతం! నుదుటికి పట్టీ తగిలించుకుని, ఖాట్మండు లోయ నుంచి వంద కిలోమీటర్ల దారి. ఇది చదివి మనమూ అలవాటు చేసుకుంటే సరిపోతుంది అనుకునేవాళ్ళు ఒకటి గమనించాలి. వాళ్ళు పరిగెత్తరు. చాలా నెమ్మదిగా నడుస్తారు, కొద్దిసేపు నడవగానే చేతికర్రని మూట కిందికి ఆనించి నిలబడే సేద తీరుతారు. బరువుకీ వేగానికీ పడదని వాళ్ళకి పరిశోధకుల కంటే ముందే తెలుసు.

ఒళ్ళే తగ్గిస్తే?

సంచిలో రెండు కిలోలు తగ్గించే బదులు ఒళ్ళే రెండు కిలోలు తగ్గితే పోలా? ఇన్‌స్టాలో ఈ సలహా తెగ తిరుగుతుంటుంది. కాగితం మీద లెక్క ఒకటే. ఒంట్లో లెక్క వేరు. సంచి బరువులో కండరం ఉండదు, ఒంటి బరువులో ఉంటుంది. ఒక్క గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీళ్ళని పట్టుకుని కూర్చుంటుంది. రేసు ముందు రోజు అన్నం బాగా తిన్నాక తూకంలో కనపడే ఆ కిలో అదనం మోత కాదు, ఇంధనం. తిండి కోసేసి బరువు తగ్గే క్రీడాకారులకి వచ్చే సమస్యకి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఒక పేరే పెట్టింది, రెడ్-ఎస్ అని. క్రీడల్లో ఖర్చుకి తగ్గ శక్తి అందకపోవడం అన్నమాట. ఆడవాళ్ళలో నెలసరి ఆగిపోతుంది, మగవాళ్ళలో టెస్టోస్టిరాన్ పడిపోతుంది, ఇద్దరిలోనూ ఎముకలు బలహీనపడి పగుళ్ళిస్తాయి. రన్నింగ్ గ్రూపుల్లో ఒకరి ఒంటి బరువు మీద ఇంకొకరు కామెంట్లు చేయడం మానేస్తే మంచిదని నాకనిపిస్తుంది.

ఇక్కడే ఇంకో తిరకాసు. సహారా రేసులో కనీస బరువు 6.5 కిలోలు అందరికీ ఒకటే. 80 కిలోల మనిషికి అది ఎనిమిది శాతం, 50 కిలోల అమ్మాయికి పదమూడు శాతం. రూలు సమానమే, మోత సమానం కాదు.

వదిలేసిన జాకెట్

ఇప్పటిదాకా చదివితే సంచి ఎంత తేలికైతే అంత మంచిదనిపిస్తుంది. 2021 మే 22న చైనాలో చాలామంది అలాగే బయల్దేరారు.

గన్సు ప్రాంతంలోని బైయిన్ నగరం దగ్గర, యెల్లో రివర్ స్టోన్ ఫారెస్ట్‌లో వంద కిలోమీటర్ల పర్వత రేసు. 172 మంది రన్నర్లు. పొద్దున తొమ్మిదికి మొదలైంది. చాలామంది ఒంటి మీద టీషర్టు, నిక్కరు, అంతే. గాలిని ఆపే జాకెట్ తెచ్చుకోమని సలహా ఇచ్చారు గానీ తప్పనిసరి చేయలేదు. కొందరు వెచ్చటి బట్టల్ని ముందున్న మజిలీకి పంపించే బ్యాగుల్లో పెట్టేశారు. ఆ మజిలీ అరవై కిలోమీటర్లు దాటాక ఉంది.

మధ్యాహ్నానికి వడగళ్ళు, ఎముకలు కొరికే వాన, నిలబడనివ్వని గాలి. అప్పటికి ముందున్నవాళ్ళు అన్నిటికంటే కష్టమైన ముక్కలో ఉన్నారు. రెండో చెక్‌పాయింట్ నుంచి మూడోదాకా ఎనిమిది కిలోమీటర్లలో వెయ్యి మీటర్ల ఎక్కుడు, వాహనం వెళ్ళే దారి లేదు.

పరిగెత్తుతున్నంతసేపు ఒళ్ళే పొయ్యి. తడిసిన బట్టల మీద గాలి కొడితే ఆ పొయ్యి వేడి చాలదు. వణుకు మొదలవుతుంది. వణుకు కూడా కండరాల పనే, మిగిలిన గ్లైకోజెన్‌ని అదీ తినేస్తుంది. వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే పుట్టే వేడీ తగ్గుతుంది, దాంతో చలి ఇంకా పెరుగుతుంది. వేళ్ళు మొద్దుబారి జిప్పు కూడా తీయలేని స్థితి వస్తుంది. వెంట ఉన్న పలచటి రేకు దుప్పట్లని గాలి చింపేసిందని బతికి బయటపడ్డవాళ్ళు చెప్పారు. ఆ రోజు 21 మంది చనిపోయారు. వాళ్ళలో చైనాలో ఎన్నో అల్ట్రా రేసులు గెలిచిన లియాంగ్ జింగ్ కూడా ఉన్నాడు. వేగం, అనుభవం ఆయనని కాపాడలేకపోయాయి. ఝు కెమింగ్ అనే గొర్రెల కాపరి మాత్రం కొండ గుహలో తను దాచుకున్న బట్టలు, బొంతలు ఇచ్చి, మంట వేసి ఆరుగురిని బతికించాడు.

నేను కూర్చుని లెక్క వేశాను. వాన, గాలి ఆపే మంచి జాకెట్ బరువు సుమారు 200 గ్రాములు. అరవై కిలోల మనిషికి అది శాతంలో మూడో వంతు. పది గంటల పరుగులో దాని ఖరీదు రెండు నిమిషాలు.

యూటీఎంబీ లాంటి రేసుల్లో టోపీ ఉన్న వాటర్‌ప్రూఫ్ జాకెట్, రెండు హెడ్‌ల్యాంపులు, రేకు దుప్పటి, విజిల్, లీటరు నీళ్ళు పట్టే సీసాలు తప్పనిసరి. దారిలో తనిఖీ చేస్తారు, లేకపోతే శిక్ష ఉంటుంది.

మరి మన సంచిలో?

అనంతగిరి లాంటి చోట పాతిక కిలోమీటర్ల పరుగు అనుకుందాం. ఒంటికి అతుక్కునే రన్నింగ్ వెస్ట్ 250 గ్రాములు, లీటరు నీళ్ళు కిలో, తిండి 250, ఫోన్ 200, జాకెట్ 200, హెడ్‌ల్యాంపు 80, రేకు దుప్పటి 60, విజిల్, బ్యాండేజీ కలిపి 50. మొత్తం రెండు కిలోల పైచిలుకు. చూశారా, అందులో సగం నీళ్ళే! కాబట్టి బరువు తగ్గించాలంటే తెలివి చూపించాల్సింది జాకెట్ మీద కాదు, నీళ్ళ మీద. దారిలో ఊరు, బోరింగు, గుడి ఎక్కడున్నాయో ముందే మ్యాపులో చూసుకుంటే అర లీటరుతో బయల్దేరి నింపుకుంటూ పోవచ్చు. ఎండల్లో మాత్రం ఈ పిసినారితనం వద్దు, గంటకి లీటరు చెమట పోయేవాళ్ళు మనలో చాలామందే ఉంటారు.

చేతిలో సీసా కంటే ఛాతీ మీది మెత్తటి సీసాలు నయం. తాగేకొద్దీ ముడుచుకుపోతాయి, లోపల నీళ్ళు గొళగొళలాడవు. సంచి నింపాక పది గెంతులు గెంతి చూడండి. ఊగితే బిగించండి. బిగించాక గుండెల నిండా గాలి పీల్చలేకపోతే కొంచెం వదలండి. రేసు రోజు మోయబోయే బరువుతోనే కొన్ని పొడవైన పరుగులు తీయాలి, కానీ మొదటిసారి సగం బరువుతో, చదును దారిలో. దిగుళ్ళు తర్వాత. చీలమండలకి కట్టుకునే ఇసుక బరువులతో పరుగు ప్రాక్టీసు మాత్రం వద్దు, పాదం దగ్గరి బరువు ఏం చేస్తుందో చూశాం కదా. కొత్త షూ కొనేటప్పుడు రంగుతో పాటు పెట్టె మీదో, వెబ్‌సైట్‌లోనో బరువెంత రాశారో కూడా చూడండి. రెండు షూల మధ్య వంద గ్రాముల తేడా ఉంటే, ఆ జత మీద ఆదా అయ్యేది మొత్తం 200 గ్రాములు. జాకెట్ బరువూ అంతే. కాకపోతే కాళ్ళ దగ్గర దాని ఖరీదు మూడింతలు.